కోడలి గడియారానికి నేను కట్టిన వెల

మా కోడలు నారాయణఖేడ్‌లోనే ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుంది. ఆ బడిలో పంతులమ్మల ఫోన్లు పొద్దున్నే ఆఫీసు గదిలో పెట్టించుకుంటారు, సాయంత్రం దాకా ఇవ్వరు. తరగతి గదిలో గోడ గడియారం లేదు. గంట ఎప్పుడు కొడతారో తెలియక లెక్క సగంలో ఆగిపోతోందని ఆమె బాధ. అందుకని ఫోనులో వెతికి వెతికి ఒక చేతి గడియారం తెప్పించుకుంది. కొత్తది కాదు. ఎవరో ఎప్పుడో వాడిన, రోజూ చావి ఇస్తే నడిచే పాతకాలపు ఆడవాళ్ల గడియారం. ముఖం రూపాయి బిళ్ల కంటే చిన్నది. చుట్టూ బంగారు రంగు, కొత్తగా వేసిన చవక పట్టీ.

మావాడు దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని ఎండకు ఎత్తి చూశాడు. వాడికి ట్రాక్టరు సామాన్ల దుకాణం ఉంది. ఇనుప సామానంతా తనకే తెలుసనుకుంటాడు.

"గిది పాతసామానోడు గూడ తీస్కోడు. రేకుకు రంగేసి పంపిండు. నిన్ను మంచిగ ముంచిండ్రు."

"నా జీతంల కెల్లి కొనుక్కున్న. నీకేంది?"

"ఎవల జీతమైతే ఏంది, ముంచుడు ముంచుడే గదా."

అంతటితో ఊరుకుంటే సరిపోయేది. ఆమె ఫోను తీసుకుని వాపసు మీట తానే నొక్కేశాడు. సామాను తీసుకుపోయే మనిషి మరునాడు పొద్దున వస్తాడని ఫోనులో అక్షరాలు పడ్డాయి. ఆమె గడియారాన్ని డబ్బాలో పెట్టి తెచ్చి నా ముందు ఉంచింది.

"మామా, నువ్వు చూడు. కరాబుదని నువ్వంటే వాపస్ ఇస్త. మంచిదంటే ఇయ్య. ఇయ్యాల నేను మోసపోయిననని ఒప్పుకున్ననంటే, రేపు సూది కొన్నా ఈయన్ని అడిగే కొనాల్సొస్తది."

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. అది ఒక్క గడియారం సంగతి కాదని అర్థమైంది.

నేను నాలుగో తరగతితో బడి మానినవాణ్ణి. మిగతా చదువంతా నాకు నేను చెప్పుకున్నదే. పొట్లాలు కట్టి ఇచ్చిన కాగితాలు, ఎరువుల సంచుల మీది అక్షరాలు, ఏది దొరికితే అది చదివాను. గడియారాల చదువు మాత్రం బస్టాండు ముందు అబ్బింది. అప్పట్లో కంగ్టి పోయే బస్సు ఎప్పుడొస్తుందో డ్రైవరుకే తెలిసేది కాదు. అక్కడ గాజుపెట్టె ముందు కూర్చుని గడియారాలు బాగుచేసే ముసలాయన ఉండేవాడు. బస్సు కోసం కూర్చున్నంతసేపూ ఆయన్ని ఏదో ఒకటి అడిగేవాణ్ణి. విసుక్కోకుండా చెప్పేవాడు. తరువాత చెడిపోయినవి కొని, ఇంట్లో విప్పి, కొన్ని బాగుచేశాను, ఎక్కువ పాడుచేశాను. ఈ రోజుల్లో ఫోను తెరిచి ఒక బొమ్మ చూసి, "గిది గింత చేస్తది" అని తీర్పు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వస్తువును చేతిలోకి తీసుకోకుండా వెల ఎట్లా కడతారు?

వెలుతురు పోకముందే అరుగు మీద తెల్లగుడ్డ పరిచి, భూతద్దం పట్టుకుని కూర్చున్నాను. కోడలు పక్కన కూర్చుంది. మావాడు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు, ఓడిపోయేది నేనే అన్నట్టు.

ముందు ముఖం చూశాను. పాత గడియారం కొనేవాళ్లలో చాలామంది ముఖం మీద ఉన్న పేరు చూసే మురిసిపోతారు. పేరు పెద్ద కంపెనీదే. అయితే అక్షరాలు లావుగా ఉన్నాయి, ఒకటి పక్కకు ఒరిగింది. నిమిషాల చుక్కలు ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా పడ్డాయి. అడుగు అంచున ఏ దేశంలో చేశారో తెలిపే సన్నటి అక్షరాలు సగానికి తెగిపోయాయి. కార్ఖానాలో అట్లా వేయరు.

"ముఖానికి మళ్ల రంగేసిండ్రు," అన్నాను.

"చెప్పలే? డూప్లికేట్!" మావాడు చప్పట్లు కొట్టినంత పనిచేశాడు.

"ఇంటికి సున్నమేస్తే ఇల్లే డూప్లికేట్ అయితదారా? ఆగు జర."

అంచులు చూశాను. పట్టీ తగిలే మూలల్లో బంగారు పూత పోయి కింది ఇత్తడి కనిపిస్తోంది. చావి తిప్పే గుండీ దాని సైజుకు మించినది, ఎవరో మార్చారు. వెనుక మూత సందులో సన్నటి బ్లేడు పెట్టి మెల్లగా లేపాను. టక్కున వచ్చింది. లోపల యంత్రం బియ్యపు గింజలంత చక్రాలతో చకచకా ఆడుతోంది. దాని మీద చెక్కిన కంపెనీ గుర్తు సూదితో గీసినంత తేటగా ఉంది. ఇక్కడ ఎవరూ రంగు వేయలేరు, వేస్తే తెలిసిపోతుంది. పదిహేడు రాళ్లని రాసి ఉంది. భూతద్దంలో గులాబీ రంగు చుక్కలు మెరిశాయి.

"రాళ్లా?" మావాడు గుమ్మం వదిలి దగ్గరికి వచ్చాడు. "అంటే కెంపులా, నాయినా?"

"కెంపులే. కార్ఖానాల కాలబెట్టి చేసినయి. ఇరుసులు అరగకుంట పెడతరు. ఎడ్లబండి ఇరుసుకు ఆముదం పెట్టినట్టే. గవి అమ్మి నువ్వు ట్రాక్టర్ కొనలేవు గని, సప్పుడు చెయ్యకు."

కోడలు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

యంత్రం అసలుదే. అక్కడిదాకా నాకు ఏ అనుమానమూ లేదు. మూత మళ్లీ వేయబోతూ దాని అంచు తిప్పి చూశాను. మూత కూర్చునే గాడి చుట్టూ ఎర్రగా, నల్లగా ఏదో పేరుకుని ఉంది. నీళ్లు పోతే తుప్పు మొదట పట్టేది అక్కడే, ఆ తరువాత గుండీ నుంచి లోపలికి పోయే చావి కడ్డీకి, ఆ తరువాత మొత్తానికి. అట్లాంటిది నాలుగు రోజులు ఆడి ఆగిపోతుంది.

"తుప్పు పట్టింది, బిడ్డా," అన్నాను. "నీళ్లు పోయినయి."

"ఇగ అయిపాయె," అన్నాడు మావాడు. కోడలు డబ్బా మూత అందుకుంది.

లోపల పొయ్యి దగ్గర జొన్న రొట్టెలు చేస్తున్న మా ఆవిడకు ఇదంతా వినపడుతూనే ఉంది. పిండి చేతులతోనే బయటికి వచ్చి, నా భుజం మీదుగా వంగి చూసింది.

"గిది తుప్పా? ముందుగాల నీ కండ్లద్దాలు తుడుసుకో. కుంకుమ గిది."

"గడియారంల కుంకుమ ఎందుకుంటదే?"

"దసరకు నీ సైకిల్‌కు పెడ్తలేనా? కొడవలికి పెడ్తలేనా? పిల్లగాని బండికి పెడ్తలేనా? మీరు పైపైన తుడిసిపోతరు. సందులల్లది ఏడాది దాక గట్లనే ఉంటది. ఆయుధాల పూజ నాడు ఎవలో దీన్ని గూడ దేవుని ముంగట పెట్టుకున్నరు."

చేతులు కడుక్కుని వచ్చి, అగ్గిపుల్లకు కొబ్బరినూనె అద్ది గాడిలో మెల్లగా తిప్పింది. పుల్ల తెల్లగుడ్డ మీద రాస్తే నిగనిగలాడే ఎరుపు. తుప్పయితే ఇటుక పొడిలా గరగరలాడాలి. నేను మళ్లీ భూతద్దం పెట్టి చావి కడ్డీ చూశాను. వెండి తీగలా తెల్లగా ఉంది. మొదటే ఆ కడ్డీ చూడాల్సింది, అంచు చూసి హడలిపోయాను. ఆడవాళ్ల గడియారాన్ని మగవాళ్లం ఇద్దరం చూసినా, ఆ ఎరుపు ఏదో చెప్పడానికి పొయ్యి దగ్గరి మనిషే రావాల్సి వచ్చిందన్నమాట.

"ఇప్పుడు చెప్పు, పెద్దమనిషీ," అంది మా ఆవిడ. "మంచిదా, కరాబుదా?"

"మంచిది," అన్నాను.

కథ అక్కడ అయిపోవాలి. కాని మావాడు అప్పటికే ఫోనులో తల దూర్చాడు. కాసేపటికి కళ్లు పెద్దవి చేసుకుని తల ఎత్తాడు.

"నాయినా, గీ కంపెనీదే, గిసొంటిదే, ఇరవై ఇంతలు పెట్టిండు చూడు! 'అరుదైనది' అని రాసిండు. వాపస్ గీపస్ వద్దు. మనం గూడ ఫోటో తీసి పెడదాం."

పొద్దున రేకన్నాడు, పొద్దుగూకేసరికి బంగారమన్నాడు. నాకు కోపం ఆగలేదు.

"కల్హేర్ అంగట్ల ఎద్దును పట్టుకొని నిలబడ్డోడు నోటికొచ్చినంత చెప్తడు. గదే ధరనా? రుమాలు కింద చెయ్యి చెయ్యి కలిపి, వేళ్లు పట్టి, ఎద్దు పగ్గం చేతులు మారినప్పుడు తెగింది ధర. గా ఫోన్ల ఉన్నోడు అడిగేటోడే. కొన్నోన్ని చూపెట్టు నాకు."

వాడు ఇంకా గెలుకుతూనే ఉన్నాడు. కొన్నవాడు దొరకలేదు.

అప్పుడు నేను లెక్క తేల్చి చెప్పాను. అసలు యంత్రం, ఆగకుండా ఆడుతోంది, ఇది పైకి తెచ్చేది. రంగు వేసిన ముఖం, మార్చిన గుండీ, పోయిన పూత, ఇవి కిందికి లాగేవి. ఆడవాళ్ల చిన్న గడియారాలను కొనేవాళ్లు మగవాళ్లవి కొనేవాళ్ల కంటే తక్కువ, అది ఇంకొంచెం లాగుతుంది. అన్నీ కలిపితే ఒక మంచి చెప్పుల జతకు పెట్టే ధర. కోడలు ఇచ్చింది దాదాపు అంతే. ఆమె ఎవరినీ ముంచలేదు, ఎవరూ ఆమెను ముంచలేదు. సరైన వస్తువును సరైన ధరకు కొనుక్కుంది. ఆ మాట మావాడి ముఖం మీదే చెప్పాను, రెండోసారి కూడా చెప్పాను.

మరునాడు పొద్దున టీవీ వార్తలతో పోల్చి చూస్తే గడియారం కాస్త వెనకబడింది. నూనె వేయిస్తే సరిపోతుంది. రోజూ ఒకే వేళకు చావి ఇవ్వమని, బిగుతుగా తగలగానే ఆపమని, బట్టలు ఉతికేటప్పుడు తీసి పెట్టమని కోడలికి చెప్పాను. తలూపి కట్టుకుంది.

ఆ గడియలోనే సామాను తీసుకుపోయే మనిషి వచ్చి గేటు దగ్గర బండి ఆపాడు.

"వాపస్ లేదు, పో," అన్నాను.

"ఎందుకు లేదో ఫోన్ల నొక్కాలె, పెద్దాయనా. లేకుంటే నా మీద పడ్తది."

"వస్తువు మంచిది, ఉంచుకున్నరని నొక్కు."

"గసొంటిది లేదిండ్ల. 'ఇంట్లో ఎవరూ లేరు', 'మరొక రోజు రమ్మన్నారు', గివే ఉన్నయి."

"గింతమందిమి నిలబడ్డం గదా! ఎవరు లేరని ఎట్ల నొక్కుతవ్? మంచిదని చెప్పే జాగ లేకుంట ఎవడు చేసిండు దాన్ని?"

నేను ఇంకా చాలా అనేవాణ్ణి. కోడలు సంచి భుజాన వేసుకుని బయటికి వచ్చింది.

"మరొక రోజని నొక్కకు, అన్నా, మళ్ల వస్తవు. ఎవరు లేరని నొక్కు. నాకు బడికి టైమైతుంది."

"నేనున్న గదా ఇంట్ల!" లోపలి నుంచి మావాడు అరిచాడు.

ఆమె గేటు తీసుకుని వెళ్లిపోయింది. ఆ మనిషి ఒకసారి నన్ను, ఒకసారి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ మావాణ్ణి చూసి, నవ్వు ఆపుకుంటూ ఎవరూ లేరని నొక్కాడు.