పల్లీనూనె పోసిన ఫ్యాను

సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు నా కంప్యూటరు గురగురమనడం మొదలుపెట్టింది. పదకొండేళ్ళ నాటి యంత్రం. గద్వాలలో నేతకారులకు చీర అంచుల గ్రాఫులు గీసి ఇవ్వడం నా వృత్తి. ఆ గ్రాఫులు గీసే ప్రోగ్రాము ఈ పాత పెట్టెలో తప్ప కొత్త యంత్రాలలో నడవదు. లోపలి ఫ్యాను సరిగా తిరగక వేడెక్కి, పావుగంటకొకసారి దానంతట అదే ఆగిపోతోంది. దుకాణంలో అడిగితే ఫ్యాను తెప్పించడానికి వారం పడుతుందన్నారు.

వారం మాకు లేదు. పక్కింటి నేతగాడు ఒక పెళ్ళిచీర ఒప్పుకున్నాడు. ముహూర్తం రెండో ఆదివారం. డైరీలో లెక్క వేశాను: చేతిలో పదమూడు రోజులు. గ్రాఫు పూర్తికి ఒకటి, దాన్నిబట్టి మగ్గానికి తగిలించే అట్టలకు రంధ్రాలు కొట్టడానికి రెండు, నేతకు ఎనిమిది. మిగిలేవి రెండే. అతడు అప్పటికే పడుగు ఎక్కించి కూర్చున్నాడు.

చప్పుడు విని గోడ దాటి వచ్చాడు.

"గిదేందక్కా, పిండిగిర్ని పెట్టినవా?"

"ఫ్యాను ఎండిపోయింది. నూనె వెయ్యాల."

"నూనెనే గద, ఉండు తెస్త. మా మగ్గం కప్పీలు అరిస్తే పల్లీనూనెనే పోస్తం. మా నాయన నుంచి అదే."

ఒక గిన్నెలో తెచ్చి ఇచ్చాడు. అన్నిటినీ కొలిచి చేసే నేను ఆనాడు కొలత అడగలేదు. పెట్టె మూత తీసి, ఫ్యానును విప్పకుండానే, రెక్కల నడిమికి చెంచాతో వంచాను. చప్పుడు వెంటనే ఆగింది. "చూస్తివా!" అని అతడు నాకన్నా ఎక్కువ సంతోషపడ్డాడు. "గురువారం అట్టలు మొదలుపెట్టుకో" అని నేను మాట ఇచ్చేశాను.

మంగళవారం సగం గ్రాఫు గీశాను. బుధవారం ఉదయం ఫ్యాను అసలే తిరగలేదు.

అతడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ముఖంలో నవ్వు లేదు.

"పెండ్లిపిల్ల నాయనకు ఫోనులో మాటిచ్చినక్కా. ఇప్పుడు కాదంటే ఇంకోసారి ఆ ఊరోళ్ళు నా మొకం చూస్తరా?"

"నీ నూనె వల్లనే ఆగింది" అన్నాను.

"నూనె నాదే. చెయ్యి నీది. కప్పీకి వేలు ముంచి రాస్తం, గిట్ల చెంచాలతోని పోస్తమా?"

స్క్రూడ్రైవరు తీశాను. కరెంటు తీగ ఊడదీసి, ఫ్యాను తీగ ఎక్కడ గుచ్చి ఉందో ఫోనులో ఫోటో తీసుకొని, నాలుగు స్క్రూలు విప్పాను. ఫ్యానును బయటికి తీశాను. వాళ్ళ మగ్గం నుంచి ఎగిరి వచ్చే నూలు పొట్టు పదకొండేళ్ళుగా కిటికీలోంచి ఈ పెట్టెలోకి చేరుతోంది. నా చెంచాడు నూనె ఆ పొట్టును తడిపి ముద్ద చేసింది. రెక్కలకు, కింది అల్యూమినియం పలకల సందులకు అది గంజి పెట్టిన గుడ్డలా అంటుకుని ఉంది.

"మా పొట్టే గద ఇది" అన్నాడు మెల్లగా. వెళ్ళి మగ్గం దులిపే చిన్న కుంచె తెచ్చి, పలకలు తానే శుభ్రం చేశాడు. తెగిన పోగును వెతికే వేళ్ళు అవి, ఒక్క సందు కూడా వదలలేదు.

నేను ఫ్యాను వెనుక కాగితపు లేబులు ఒలిచి, దాని కింది రబ్బరు బిరడా తీశాను. లోపలి జిగురును స్పిరిట్‌లో ముంచిన దూది పుల్లలతో తుడిచాను. తొమ్మిది పుల్లలు పట్టాయి. పదోది తెల్లగా వచ్చింది. అప్పుడు కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేసి, వేలితో తిప్పి చూసి, బిరడా పెట్టాను. జిడ్డుకు లేబులు అంటుకోనందున టేపు వేశాను.

మధ్యాహ్నం రెండుంబావుకు బటను నొక్కాను. ఫ్యాను తిరిగింది. అతడు పెట్టెకు చెవి ఆనించాడు.

"నడుస్తుందా అక్కా? ఏం వినొస్తలేదు."

"వినరాకపోతేనే నడుస్తున్నట్టు."

సాయంత్రానికి గ్రాఫు పూర్తయింది. అచ్చు తీసిన కాగితాలు వేడిగా ఉండగానే పట్టుకుపోయాడు. మిగులుగా ఉన్న రెండు రోజులూ ఈ ఫ్యాను తినేసింది. ఇక ఒక్క పూట కూడా జారకూడదు. ఆ లెక్క అతనికీ తెలుసు. శనివారం నేత మొదలుపెట్టి, భార్యాభర్తలు ఒకరు తింటుంటే ఒకరు మగ్గం మీద కూర్చుని నేశారు.

మరుసటి శనివారం మధ్యాహ్నం మగ్గం మీంచి చీర కోసి, ముందుగా నా దగ్గరికే తెచ్చాడు. అంచును తిరగేసి, గ్రాఫు పక్కన పెట్టుకొని, ఒక్కొక్క గడీ పోల్చసాగాను. ఏడో వరుస దగ్గర ఉండగా చీర నా చేతుల్లోంచి లాక్కున్నాడు.

"చాలక్కా, పెండ్లోళ్ళు మా అరుగు మీద కూసున్నరు. బస్సు పోతది!"