అసలుకే తక్కువ మార్కులు

మా ఆయనది వినే ఉద్యోగం. ఇంట్లో నేను చెప్పేది ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసే మనిషిని, జీతమిచ్చి మరీ వినడానికి కూర్చోబెట్టారంటే మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు నవ్వే ఓపిక కూడా లేదు.

వాళ్ళ కంపెనీ పాటల్ని ఫోన్లకు పంపుతుంది. పాటను ఉన్నదున్నట్టు పంపితే బరువెక్కువ. అందుకని ఎన్‌కోడర్ అనే సాఫ్ట్‌వేర్ దాన్ని కుదిస్తుంది. కుదించడమంటే మడతపెట్టడం కాదు, చెవి పట్టించుకోదనుకున్న శబ్దాలను తీసి పారేయడం. ఒక్కో ఎన్‌కోడర్ ఒక్కోలా పారేస్తుంది. ఏది పారేసినా చెవికి తెలియడం లేదో, ఏది పాటను పాడుచేస్తోందో హెడ్‌ఫోన్లు పెట్టుకుని తేల్చే బృందానికి మా ఆయన పెద్ద. చిడతలు మోగే చిన్న ముక్క ఒకటుంది, దాన్నే పొద్దస్తమానం వింటారు. ఇంటికొచ్చేసరికి మొహం పీక్కుపోయి ఉంటుంది. నేను గిన్నె కింద పెట్టినా ఉలిక్కిపడతారు. ఆ చెవులకు విశ్రాంతి కావాలని మిక్సీ వేయకుండా ఏళ్ళ తరబడి చేత్తో నూరి నా భుజాలు పోయాయి.

ఆయన పెట్టిన నియమం ఒకటుంది. కుదించిన ముక్కల మధ్య, కుదించని అసలు ముక్కను కూడా పేరు చెప్పకుండా కలిపేస్తారు. ఎవరైనా దానికే పాడైందని తక్కువ మార్కులు వేశారా, ఆ మనిషి మార్కులన్నీ కొట్టేస్తారు. అసలును గుర్తుపట్టలేని చెవి మాట లెక్కలోకి రాదన్నమాట. ఒకసారి మేనేజరు సరదాపడి కూర్చుంటే ఆయనవీ కొట్టేశారు. అందుకే ఆఫీసులో అందరూ చాటుగా ఈయన్ని కత్తెర అంటారు. ఆ సంగతి ఈయనకు తెలుసు, లోలోపల కాస్త గర్వం కూడానూ.

మొన్న రెండు కొత్త ఎన్‌కోడర్లలో ఒకదాన్ని ఎంచుకునే పరీక్ష జరిగింది. ఆ రోజు ఇంటికొచ్చి, భోజనానికి కూర్చున్నట్టే కూర్చుని చేయి కడిగేసుకున్నారు. గుచ్చిగుచ్చి అడిగితే చెప్పారు. చిడతల ముక్కలో తానే అసలుకు తక్కువ మార్కులు వేశారట. ఏది అసలో తెరిచి చూసేది ఆయనే కాబట్టి ఇంకెవరికీ తెలియదు. అలసటే అయ్యుంటుందన్నాను. చెవులే పోయాయేమో అన్నారు. చెవులు పోతే ఆ కుర్చీ పోతుంది. ఆ పని తప్ప ఆయనకు ఇంకోటి రాదు, ఈ వయసులో నేర్చుకోరు కూడా.

సెలవు రోజున ఇంట్లోనే తేల్చుకుందామన్నారు. నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, నా మొహం చూసి కనిపెట్టేయకుండా తాను గోడవైపు తిరిగి కూర్చున్నారు. నేను ప్రతిసారీ రెండు ముక్కలు వినిపించాలి, వాటిలో అసలు ఏదో ఆయన చెప్పాలి. రైటో తప్పో స్క్రీన్ నాకు చూపిస్తుంది, దాన్ని నేను పైకి చెప్పాలి. మొదటిది రైటు. తరువాత తప్పు, మళ్ళీ తప్పు. ఆ వీపు చూస్తూ తప్పని చెప్పడానికి నాకు నోరు రాలేదు. రైటేనన్నాను. ఇక అక్కణ్ణుంచి అన్నిటికీ రైటేనన్నాను.

కాసేపటికి ఆయన ఇటు తిరిగారు. హెడ్‌ఫోన్లు ఒళ్ళో ఉన్నాయి.

"చివర్లో నేను విననే లేదు. నోటికొచ్చింది చెప్పాను. అవన్నీ రైటేనా?" అన్నారు.

నేను తల దించుకున్నాను. ఆయనకు కోపం కూడా రాలేదు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది. హెడ్‌ఫోన్లు మళ్ళీ పెట్టుకుని, ఈసారి నోరు మెదపకుండా లెక్క మాత్రం రాసుకోమన్నారు. మొదటినుంచి చేశాం. అయ్యాక ఎన్ని సరిగ్గా వచ్చాయని అడిగారు.

"సగం వచ్చాయండీ. మరీ తక్కువేం కాదు, పాసే కదా," అన్నాను.

"సగమంటే వినపడనట్టే. వినకుండా ఊరికే చెప్పినా సగం వస్తాయి," అన్నారు.

విసుక్కోలేదు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు చెప్పినట్టే నిదానంగా చెప్పారు. సగమంటే పాసనుకున్న నా తెలివికి నాకే ఒళ్ళు మండింది.

మర్నాడు ఆఫీసుకెళ్ళి తన మార్కులన్నీ తానే కొట్టేసి, మేనేజరుకు కారణం చెప్పారు. ఎవరికీ తెలియదు కదా, ఉండనివ్వమని మేనేజరు బతిమాలారట. ఈయన వినలేదు. ఆ కుర్చీలోకి ఇంకొకరిని చూసుకోమని కూడా చెప్పి వచ్చారు. నేను గొడవ పడలేదు. ఆయన చేసింది తప్పని అనలేను, అనే ఓపికా లేదు.

నేను ఊరుకుంటే బాగుండేది. ఏదో ఒకటి మాట్లాడాలని, మీ మార్కులు తీసేశాక ఏ ఎన్‌కోడర్ గెలిచిందని అడిగాను. ఆయన చొక్కా గుండీలు విప్పుకుని, దాన్ని కొక్కేనికి తగిలించారు.

"అవి ఉన్నప్పుడు గెలిచిందే," అన్నారు. "ఏమీ మారలేదు."