అత్తగారి హీరోకి పట్టిన జలగ

సాంతో మగ్బనువా పుట్టింది ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో దగ్గర చెరుకుతోటల్లో. కాపురం మరికీనాలో, అత్తగారింట్లో. ఇల్లరికం అంటే ఒప్పుకునేవాడు కాదు గానీ, తలుపు తాళం మాత్రం అత్తగారి నడుముకే ఉండేది. పదమూడేళ్ళు ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ ఆడాడు. ఆ పదమూడేళ్ళలో అతను బుట్టలో వేసిన బంతులన్నీ కలిపినా, మంచి ఆటగాడు ఒక్క సీజన్లో వేసేవాటికి సరిపోవు. ఎగతాళికి అనడం లేదు. అదే జట్టులో, బెంచీ మీద అతని పక్కనే ఆరేళ్ళు కూర్చున్నాను. నేను వేసినవి ఇంకా తక్కువ.

మా జట్టు సార్డీన్ చేపల డబ్బాలు చేసే కంపెనీది. పసుపు చొక్కా, గుండె మీద నవ్వుతున్న చేప. మేము కోర్టులోకి దిగగానే అవతలి జట్టు అభిమానులు వేలమంది కలిసి "మ్యావ్" అనేవాళ్ళు. మొదట్లో ఏడుపొచ్చేది, తర్వాత అలవాటైపోయింది.

సాంతో పని ఒక్కటే. అవతలి జట్టులో ఎవడు బాగా ఆడతాడో వాణ్ణి పట్టుకోవడం. కొట్టడు, గిల్లడు, తిట్టడు. పట్టుకుంటాడంతే. వాడు ఎడమకి తిరిగితే ఎడమవైపు సాంతో. కుడికి తిరిగితే కుడివైపు సాంతో. ఆట ఆగి నీళ్ళు తాగడానికెళ్తే అక్కడా తువ్వాలు భుజాన వేసుకుని సాంతో. పైగా చెవి దగ్గర ఆగని కబుర్లు. "పొద్దున ఎండుచేపలు తిన్నావా తమ్ముడూ? వాసనొస్తోంది. మీ అమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గిందా?" జనం అతనికి జలగ అని పేరు పెట్టారు. తిట్టేవాళ్ళూ అదే పేరుతో తిట్టారు, మెచ్చుకునేవాళ్ళూ అదే పేరుతో మెచ్చుకున్నారు. మెచ్చుకునేవాళ్ళు తక్కువ.

మెచ్చుకోనివాళ్ళలో మొదటి మనిషి అత్తగారు పూరింగ్. అల్లుడు ఆవిణ్ణి కన్నతల్లిని పిలిచినట్టే 'నానాయ్' అనేవాడు. మరికీనా బజార్లో ఆవిడ చేపలు అమ్మేది. కొట్టు పైన తగిలించిన ఫొటో అల్లుడిది కాదు. సిమెంటు కంపెనీ జట్టు ఆటగాడు డెన్వర్ లక్సమానాది. కుర్రాడు అందగాడు. ఎక్కణ్ణుంచి విసిరినా బంతి బుట్టలో పడేది. ఆ ఫొటోకి రోజూ తాజా సంపగీత మల్లెల దండ.

"ఆట ఉన్న రోజు నీ పేరు పక్కన రెండు పాయింట్లు, లేకపోతే సున్నా," అనేది. "బజార్లో అందరూ అడుగుతున్నారు. మీ అల్లుడికి బుట్ట ఎక్కడుంటుందో ఎవరూ చెప్పలేదా అని."

"నా పని అది కాదు నానాయ్. అవతలివాడు వెయ్యకుండా చూడటం."

"ఆహా! నేనూ రేపు బజారుకెళ్ళి, నా చేప ఒక్కటీ అమ్మకుండా, పక్క కొట్టువాళ్ళని కూడా అమ్మనివ్వకుండా అడ్డం నిలబడి ఇంటికొస్తాను. అన్నం ఉడుకుతుందేమో చూద్దాం."

సాంతో తల గోక్కుని బూట్లు తుడుచుకునేవాడు. నిజం చెప్పాలంటే ఆవిడ లెక్క నాకూ సబబుగానే తోచేది.

ఆ ఏడాది ఫైనల్స్‌కి మేమూ, సిమెంటు జట్టూ వచ్చాం. నాలుగు ఆటలు ముందు గెలిచినవాళ్ళది కప్పు. సాంతోకి ముప్ఫై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళకి మందు రాసుకుంటే స్నానాల గదిలోంచి పార్కింగ్ దాకా వాసన. కోచ్ దుమ్లావ్ కొత్తగా వచ్చినవాడు. ఎక్కువ పాయింట్లు వేస్తే గెలుస్తాం, ఇందులో ఆలోచించేదేముంది అనే రకం. సాంతోని నా పక్కన కూర్చోబెట్టి కుర్రాళ్ళని దించాడు. వాళ్ళలో రోమ్నిక్ అనేవాడు గట్టివాడు. డెన్వర్ ఒకటేస్తే తనూ ఒకటి వెయ్యాలని పంతం. డెన్వర్ వేస్తూ పోయాడు. వీడు మధ్యలో అలిసిపోయాడు. మొదటి ఆట ఘోరంగా పోయింది. రెండోది ఇంకా ఘోరం. జనం మ్యావ్ అనడం కూడా మానేశారు, జాలేసి.

మర్నాడు ప్రాక్టీసులో కోచ్ సాంతో దగ్గరికొచ్చి, అటూ ఇటూ చూసి, "నువ్వైతే వాణ్ణెలా ఆపుతావు?" అనడిగాడు.

"ఆపలేను కోచ్. ఆపగలిగేవాడు లేడు. కానీ వాడికి కోర్టులో ఇష్టమైన చోట్లు రెండో మూడో ఉన్నాయి. బస్సులో కిటికీ సీటు లాంటివి. ముందెవడు కూర్చుంటే వాడిదే. నేను పెందలాడే వెళ్ళి కూర్చుంటాను. వాడు నిలబడి ప్రయాణం చెయ్యాలి."

"అది నీకెలా తెలుసు?"

"మా ఇంట్లో టీవీలో వాడి ఆట తప్ప ఇంకేం పెట్టనివ్వరు కోచ్. ప్రతీదీ చూశాను. కొన్ని రెండేసి సార్లు."

డెన్వర్‌ని పట్టుకునే పని అల్లుడికి అప్పజెప్పారని తెలిసిన సాయంత్రం పూరింగ్ పొయ్యి ముందు నిలబడి గరిటె చూపించింది. "ఆ బిడ్డ మీద చెయ్యి పడిందో, నీకు ఈ ఇంట్లో చేపల పులుసు లేదు." అన్న మాట నిలబెట్టుకుంది కూడా. భార్య లుజ్వి తల్లికి ఎదురు చెప్పలేక, మొగుణ్ణి పస్తు పెట్టలేక, గుడ్లు వేయించి పెట్టేది. ఫైనల్స్ అయ్యేదాకా సాంతో గుడ్ల మీదే ఆడాడు.

మూడో ఆటలో డెన్వర్ కిటికీ సీటు దొరక్క కోర్టంతా తిరిగాడు. విసిరాడు, పడలేదు. మళ్ళీ విసిరాడు, ఇంకోడి తలకి తగిలింది. అవతలివాళ్ళని ఆపడంలో సుఖం ఉందని మా కుర్రాళ్ళకి ఆ రోజు తెలిసింది. రోమ్నిక్ కూడా మోకాళ్ళు వంచి, చేతులు చాపి కాపలా కాయడం మొదలెట్టాడు. గెలిచాం. అలా ఓడుతూ గెలుస్తూ చెరి మూడు ఆటలయ్యాయి. ఏడో ఆట కుబావ్‌లోని పెద్ద స్టేడియంలో.

ఆ ఆటలో మేము చాలా ముందున్నాం. అదే కొంప ముంచింది. చివరి భాగంలో కప్పు కళ్ళ ముందు కనిపించేసరికి కుర్రాళ్ళు బిగుసుకుపోయారు. బంతి చేతికొస్తే చాలు, నిప్పు ముట్టుకున్నట్టు పక్కవాడికి ఇచ్చెయ్యడం. ఎవడూ బుట్ట వైపు చూడడు. సిమెంటువాళ్ళు ఒక్కో పాయింటూ తగ్గించుకుంటూ మీద మీదకొచ్చారు. కోచ్ ఆట ఆపించి మమ్మల్ని చుట్టూ చేర్చాడు.

"జాగ్రత్త! బంతి పోనివ్వకండి. కాలం గడిచిపోనివ్వండి."

పదమూడేళ్ళలో ఏ కోచ్ మాటకీ అడ్డు రాని సాంతో నోరు తెరిచాడు. "కోచ్, మనకి భయమేసిందని వాళ్ళకి తెలిసిపోయింది. దాక్కునే కొద్దీ వెతుక్కుంటూ వస్తారు. మీద పడాలి."

"ఎవరు పడతారు?"

కుర్రాళ్ళంతా బూట్ల లేసులు చూసుకున్నారు.

"సరే. నేను పడతా," అన్నాడు సాంతో.

నేను నవ్వాను. కోచ్ నవ్వాడు. వెనక నిలబడ్డ రిఫరీ మొహం అటు తిప్పుకున్నాడు.

సాంతో బంతి తీసుకుని, తల వంచుకుని, తిన్నగా బుట్ట కిందికి దూసుకెళ్ళాడు. సిమెంటువాళ్ళు మా అందరి ఆటా చదువుకుని వచ్చారు, ఒక్క సాంతో ఆట తప్ప. చదవడానికి అక్కడ ఏమీ ఉండేది కాదు మరి. డెన్వర్ ఎంత ఆశ్చర్యపోయాడంటే, పక్కకి తప్పుకుని దారిచ్చాడు. సాంతో విసిరాడు. బంతి బోర్డు అడుగున తగిలి తిరిగొచ్చి అతని ముక్కు మీదే పడింది. మళ్ళీ విసిరాడు. ఇనప రింగు మీద గంట మోగినట్టు మోగింది. ఈలోగా ఈ వింత చూడటానికి సిమెంటువాళ్ళు అయిదుగురూ అతని చుట్టూ చేరారు. ఒంటరిగా మిగిలిన రోమ్నిక్ ఎగిరి, జారిన బంతి అందుకుని బుట్టలో పడేశాడు.

మళ్ళీ వెళ్ళాడు సాంతో. ఈసారి ఇద్దరు అడ్డొచ్చారు, ముగ్గురూ కలిసి ఫొటోలవాళ్ళ మీద పడ్డారు. ఫౌల్! రెండు ఫ్రీ త్రోలు. ఎదురుగా ఎవడూ ఉండడు, తీరిగ్గా నిలబడి వెయ్యడమే. మొదటిది రింగు దాకా చేరలేదు. రెండోది దాటిపోయి ఎవరో పెద్దాయన పాప్‌కార్న్ పొట్లం మీద పడింది. స్టేడియం మొత్తం మ్యావ్ అంది.

కానీ రోమ్నిక్ లోపల ఏదో కదిలింది. "ఈ ముసలాయన ఇంత సిగ్గు లేకుండా వెళ్తుంటే నాకేం రోగం?" అని గట్టిగానే అన్నాడు. నాకు బెంచీ దాకా వినపడింది. బంతి అడిగి తీసుకుని వెళ్ళాడు. వేశాడు. మళ్ళీ వెళ్ళాడు. మిగతావాళ్ళూ అతని వెంట పడ్డారు. సిమెంటువాళ్ళూ ఊరుకోలేదు. చివరికి మేము ఒకే ఒక్క పాయింటు ముందున్నాం, బంతి డెన్వర్ చేతిలో ఉంది.

సాంతో ఊపిరి ఈల వేస్తోంది. అయినా ఎదురుగా నిలబడ్డాడు. డెన్వర్ ఎడమ మూలకి పోబోయాడు. సాంతో అప్పటికే అక్కడున్నాడు. వెనక్కి తిరిగి మధ్యకి వచ్చాడు. అక్కడా ఉన్నాడు.

"తమ్ముడూ, మా అత్తగారు నీ ఫొటోకి రోజూ దండ వేస్తుంది తెలుసా?"

"దండేమిటి? నేను బతికే ఉన్నాగా!" అన్నాడు డెన్వర్.

అలా అంటూనే, ఇక దారి లేక, ఆ రాత్రి మొదటిసారి బంతి తన జట్టులోని ఒక పొడుగాయనకి విసిరాడు. ఆ పొడుగాయన కలలో కూడా అనుకోలేదు పాపం. బంతి అతని ఛాతీకి తగిలి కింద పడింది. గంట మోగింది. కప్పు మాది.

సాంతో పేరు పక్కన సున్నా.

ఇంటికెళ్ళేసరికి పూరింగ్ ఆపేసిన టీవీ ముందు కూర్చుని ఉంది. నేనూ వెంట వెళ్ళాను, ఆవిడ ఏమంటుందో చూడాలని.

"సున్నా," అంది.

"సున్నాయే నానాయ్."

"ఆ రెండు ఫ్రీ త్రోలు... కళ్ళు మూసుకుని నా చేపల గంప విసిరినా ఒకటి పడేది." దగ్గరికొచ్చి మొహం చూసింది. "ముక్కు వాచింది. ఐస్ పెట్టుకో." తర్వాత లేచి వెళ్ళి పులుసు వేడి చేసింది. తల ముక్క వెయ్యలేదు, తోక వేసింది. సాంతో అదే అదృష్టమనుకుని గిన్నె ఖాళీ చేశాడు.

మా ఇల్లూ వాళ్ళ సందులోనే. మరుసటి ఆదివారం అక్కడ గోల. ఏమిటా అని వస్తే, డెన్వర్ లక్సమానా! పూరింగ్ వాకిట్లో తల దువ్వుకోకుండా, చేప పొలుసులు అంటిన చేతులతో నిలబడి ఉంది. ఆవిడ నోట మాట లేకపోవడం నేను చూడటం అదే మొదలు.

"కుయా సాంతో ఉన్నాడా?" అనడిగాడు కుర్రాడు, సొంత అన్నని అడిగినట్టు. సాంతో లుంగీలో బయటికొచ్చాడు.

"కుయా, నాకు నేర్పు. బంతి వెయ్యడం నాకొచ్చు. ఇన్నేళ్ళుగా వేస్తూనే ఉన్నాను. ఒక్క కప్పూ రాలేదు."

సాంతో అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. "ముందు మోకాళ్ళు వంచు."

వంచాడు.

"అది వంచడమా? పెళ్ళిలో ఫొటోకి నిలబడ్డట్టుంది."

అప్పుడు పూరింగ్‌కి మాట తిరిగొచ్చింది. "ఇంకా వంగు బాబూ! మా అల్లుడు ఎలా వంగుతాడో చూడు. వాడిలా వంగేవాడు ఈ దేశంలో లేడు!"

ఇద్దరూ సందు మధ్యలో చేతులు చాపి, ఎండ్రకాయల్లా పక్కకి జరగడం మొదలెట్టారు. ఇటు గోడ దాకా, అటు గోడ దాకా. జనం గుమ్మాల్లో నిలబడి చప్పట్లు కొట్టారు. వెనక నుంచి ఒక ట్రైసికిల్ ఆటో వచ్చి హారన్ కొట్టింది. ఎటు తిప్పితే అటు వీళ్ళిద్దరూ అడ్డం. డ్రైవరు హారన్ కొట్టి కొట్టి విసిగిపోయి, బండి వెనక్కి తిప్పుకుని పక్క సందులోంచి పోయాడు.