ఆనపకాయకు దిష్టి

ఇబ్రహీంపట్నం దవాఖానాలో నన్ను కాన్పుల వార్డుకు ఇన్‌ఛార్జిని చేసిన కొత్తలో నాకు కాలు నేల మీద నిలిచేది కాదు. పుట్టగానే ఏడవని బిడ్డకు ఊపిరి ఎలా అందించాలో నేర్పే శిక్షణకు పట్నం నుంచి పిలుపొచ్చింది. మాకు ఒకటే సీటు. మా సీనియర్ సిస్టర్ పేరు రాసేశాను. ఆమెను అడగనైనా లేదు, నా తీరే అంత.

నేను కొత్తగా చేరినప్పుడు నాకు సూది వేయడం నేర్పింది ఆమే. అందరికీ అక్క. ఆ అక్క ముఖం ముడుచుకుని నా బల్ల ముందు నిలబడింది.

"నా పేరు కొట్టెయ్. ఆడ అందరు నా బిడ్డ ఈడు పోరిలుంటరు. బొమ్మ మీద చేసి చూపియ్యమంటరు. చేతులు వణికితే నవ్వరా?"

ఎన్ని కాన్పులు చేసిన చేతులవి! నలుగురు చూస్తుంటే వణుకుతాయట! నాకు చిర్రెత్తుకొచ్చింది.

"అట్లనా? ఈడనే మా ముంగట చేసి చూపియ్ అక్కా. అప్పటికీ వద్దంటే కొట్టేస్త."

మా దగ్గర బొమ్మ ఎక్కడిది? ఆయా కూరకని కొనుక్కున్న ఆనపకాయను లాక్కుని, స్కెచ్ పెన్నుతో కళ్లూ ముక్కూ నోరూ గీశాం. అక్క దాన్ని తువ్వాలలో చుట్టి తుడిచింది. మూతికి మాస్కు ఆనించి, దానికున్న గాలి సంచిని నొక్కసాగింది. చుట్టూ మేమంతా గుడ్లప్పగించి చూస్తున్నాం. నిజంగానే ఆమె చేతులు వణికాయి.

అంతలో, కోడలిని కాన్పుకు తీసుకొచ్చిన ఒక అవ్వ తలుపులోంచి తొంగి చూసింది.

"అయ్యో, పిల్లగాడు ఏడుస్తలేడేంది?" అంటూ దూసుకొచ్చి, ఆ మూటకు కొంగుతో దిష్టి తీసి మెటికలు విరిచింది. తువ్వాల జారింది.

"ఓరి దేవుడా, ఆనపకాయ!"

అక్క నవ్వీ నవ్వీ నేల మీద కూలబడింది. మా నవ్వులు ఆగాక అవ్వకు సంగతి చెప్పాం. ఆమె మాత్రం నవ్వలేదు.

"పోయినేడు నా బిడ్డ తొవ్వలనే, ఆటోల కన్నది. పిల్లగాడు ఏడ్వనేలేదు. ఏం జేయాల్నో మాకెవ్వలకు తెల్వలే. నువ్వు పోయి నేర్సుకో బిడ్డా. నవ్వెటోల్లు నవ్వనీ."

అక్క లేచి, మాస్కు మళ్లీ అందుకుంది. కాసేపు చేశాక నా వైపు తిరిగి, "పేరు ఉండనీ" అన్నది.

శిక్షణ ముగించుకొచ్చిన రోజే అక్క మా అందరినీ పోగుచేసింది. వార్డుకు ఇన్‌ఛార్జి నేనో ఆమో తెలియనంత జోరు. నాకు సంతోషమే, మాస్కు నా చేతిలో పెట్టేదాకా.

"ఇన్‌ఛార్జివి గదా, ముందుగాల నువ్వే చెయ్."

నా దగ్గర పని నేర్చుకునే పిల్లలంతా చుట్టూ చేరి చూస్తున్నారు. నా చేతులు వణికిపోయాయి. ఎవరూ నవ్వలేదు. అక్క వెనక నుంచి నా మణికట్టు పట్టుకుని, "ఫికర్ జేయకు. ముందు నువ్వు జర ఊపిరి తీస్కో" అన్నది.