ఎండు నెత్తళ్ళ శుక్రవారం

మా ఊళ్ళో అందరి లెక్కలో నేను దుబాయ్‌లో ఉన్నాను. నిజానికి ఉన్నది అజ్మాన్‌లో, సముద్రానికి రెండు వీధుల ఇవతల, ఒక అరబ్బుల ఇంట్లో వంటపనికి. ఎనభైల మధ్య రోజులవి. ఇంటావిడను మామ అనాలి, ఇంటాయనను బాబా అనాలి. కోనసీమలో మామ అంటే మీసాలుంటాయి కాబట్టి, మొదట్లో ఆవిడను పిలిచినప్పుడల్లా నాకు నవ్వు ఆగేది కాదు. వింటూ వింటూ వాళ్ళ అరబ్బీ నాకు చాలావరకు పట్టుబడింది. బాబా వాళ్ళమ్మ పెద్దమామ. ముఖానికి బంగారు రంగు ముసుగు కట్టుకుని, వంటింటి పక్క గదిలో ఒక్కతే ఉండేది. ఆవిడకు బీపీ. డాక్టరు ఉప్పు మాన్పించేశాడు. ఆ చప్పిడి కూడు వండి పళ్ళెంలో సర్ది గదికి పంపడం నా పని, సగం ముట్టుకోకుండా తిప్పి పంపడం ఆవిడ పని.

ఆ ఇంటికి పిల్లల్ని ఆడించడానికి ఒక ఫిలిప్పీన్స్ పిల్ల వచ్చింది. పనివాళ్ళను కుదిర్చే ఆఫీసు వాళ్ళు ఒక పెట్టెతో తెచ్చి దింపి వెళ్ళారు. వచ్చిన రోజు మధ్యాహ్నం వంటింట్లో మూల కూర్చుని, ఆఫీసు వాళ్ళు పొట్లం కట్టిచ్చిన తెల్లన్నంలో ఉడికించిన గుడ్డు చిదుపుకుంటోంది. నన్ను చూడగానే ముఖమంతా నవ్వు చేసుకుని, చేత్తో పళ్ళెం చూపించి, "కాఇన్ తాయో, ఆతే!" అంది. రా అక్కా, తిందాం అని. చెయ్యి చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. మా వైపు మర్యాద ఏమిటంటే మొదటిసారి పిలిస్తే ఇప్పుడే తిన్నాననాలి, మూడోసారి పిలిస్తే కూర్చోవాలి. కానీ పొద్దుటి నుంచీ కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. మర్యాదను మూటగట్టి పక్కన పెట్టి కూర్చున్నాను. సగం గుడ్డు నాదే అయింది.

ఆ పిల్ల ముఖం చూడాల్సింది! నవ్వు నవ్వులాగే ఉంది, కళ్ళు మాత్రం గుడ్డు వెనకాలే వెళ్ళాయి. తర్వాత ఎప్పుడో, నా వచ్చీరాని హిందీకీ తన వచ్చీరాని ఇంగ్లీషుకూ కాస్త స్నేహం కుదిరాక, అసలు సంగతి చెప్పింది. వాళ్ళ దేశంలో తింటున్నప్పుడు ఎవరు ఎదురుపడినా ఆ మాట అనాల్సిందేనట. చుట్టమైనా, దారిన పోయేవాడైనా సరే. ఎదుటివాళ్ళు "వద్దులే, కడుపు నిండింది" అని నవ్వి వెళ్ళిపోవాలట. ఎవరూ నిజంగా కూర్చోరట!

"మరి నేను కూర్చున్నానుగా?" అన్నాను.

"యెస్ ఆతే. ఫస్ట్ టైమ్ ఇన్ మై లైఫ్" అంది. ఇద్దరం అక్కడే గోడకు జారగిలబడి పొట్ట పట్టుకుని నవ్వాం.

అలవాటు మాత్రం మానలేదు. పెట్రోలు డబ్బులడగడానికి వచ్చిన పఠాన్ డ్రైవర్‌నీ పిలిచేది, గ్యాస్ బండ తెచ్చినవాణ్ణీ పిలిచేది, కిటికీ దగ్గర కూర్చున్న పిల్లినీ పిలిచేది. "ఒసే పిల్లా, ఇది మన కొంప కాదే, మనం పిలవకూడదే" అని నేను గదమాయిస్తే సరే ఆతే, సరే ఆతే అనేది. మర్నాడు మళ్ళీ మామూలే.

పిలవడానికి లోటు లేదు గానీ తినడానికే తిప్పలు వచ్చాయి. ఆ ఇంట్లో అన్నం అంటే పొట్టేలు కొవ్వులో వేగిన అన్నం. ఆ వాసనకే ఆ పిల్లకు కడుపులో తిప్పేది. ఖుబ్జు రొట్టె నాలుగు ముక్కలు నమిలి టీ తాగి పడుకునేది. నాకు ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ సీసా ఉంది, నాది నెట్టుకొచ్చేశాను. ఆ పిల్లకు ఏ సీసా లేదు. చూస్తుండగానే చెంపలు లోపలికి పోయాయి, గౌను భుజాల మీంచి జారడం మొదలుపెట్టింది. మామ చూసి చూసి, "ఈ పిల్లకు లోపల ఏదో రోగం ఉంది. నా పిల్లలకు అంటిస్తుంది" అని తేల్చేసింది. కొత్తమనిషి నచ్చకపోతే మూడు నెలల్లోగా ఆఫీసుకు తిప్పి పంపేయవచ్చు. అక్కడి నుంచి ఏ ఇంటికి తోలతారో, ఎలాంటివాళ్ళ చేతిలో పడుతుందో ఎవరికీ తెలియదు. తిప్పి పంపిన పిల్ల అంటే ఎవరైనా వంకరగానే చూస్తారు.

గురువారం నాడు మామ నాతో, "ఖలాస్. రేపు సాయంత్రం ఆఫీసు కారు వస్తుంది. పెట్టె సర్దుకోమని చెప్పు" అంది. అంతకుముందు ఆ ఇంట్లో నాతో నవ్వినవాళ్ళు లేరు. ఒంటిగా గిన్నెలతో మాట్లాడుకునే బతుకు మళ్ళీ మొదలు. ఆ పిల్ల ఏడుపు నేను చెప్పలేను. తలగడ నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

శుక్రవారం పొద్దున మామా బాబా పిల్లల్ని తీసుకుని రాస్ అల్ ఖైమాలో బంధువుల ఇంటికి వెళ్ళారు. కారు బాబానే నడుపుకున్నాడు, పఠాన్ ఉండిపోయాడు. నాకు పట్టుదల వచ్చింది. వెళ్ళేది ఎలాగూ వెళుతుంది, కడుపునిండా తిని వెళ్ళాలి. పఠాన్‌ను బతిమాలి చేపల బజారు నుంచి ఎండు నెత్తళ్ళు తెప్పించాను. పొట్లం విప్పగానే ఆ పిల్ల ముక్కుకు ఆనించుకుని, కళ్ళు మూసుకుని, నిల్చున్నచోటే ఒక్క చుట్టు తిరిగింది. వాళ్ళ ఊరి వాసనట. మా ఊరిది కూడా అదే! అంత దూరం నుంచి వచ్చిన ఇద్దరం ఒకే పొట్లం ముందు నిలబడి గంతులేశాం.

అన్నానికి ఎసరు పోస్తూ ఆ పిల్ల బియ్యం మీద వేలు నిలబెట్టి మొదటి కణుపు దాకా నీళ్ళు చూసింది. నేను నోరు వెళ్ళబెట్టాను. మా అమ్మా అంతే చూసేది. బియ్యం కడిగిన నీళ్ళు పారబోయబోతే నా చెయ్యి పట్టుకుంది. ఆ నీళ్ళలో చింతపండు పిసికి, టమాటా, ఉల్లి, ముల్లంగి వేసి పులుసు పెట్టింది. అంతవరకూ బాగానే ఉంది. కారం వేయదు, పోపు పెట్టదు.

"కారం లేని పులుసేంటే, జొరమొచ్చినోళ్ళ తిండా?" అని నేను.

"ఆతే, నో! యువర్ చిల్లీ కిల్స్ టామరిండ్!" అని ఆ పిల్ల.

గరిటె కోసం లాక్కున్నాం. చివరికి రెండు గిన్నెలయ్యాయి, ఎవరి పులుసు వాళ్ళది. నెత్తళ్ళు మాత్రం ఇద్దరివీ ఒకే మూకుట్లో. అవి చిటపటమంటూ వేగుతుంటే తలుపులు మూశాం, కిటికీలు మూశాం. మూస్తే ఎండుచేపల వాసన ఆగుతుందా? ఏసీ గొట్టాల్లో దూరి ఇల్లంతా తిరిగొచ్చింది.

వంటలయ్యేసరికి పొద్దు వాలింది. వంటింటి నేల మీద బట్ట పరిచి, చేతులు కడుక్కుని కూర్చున్నాం. నలుగురి ముందూ చెంచా పట్టుకునే ఆ పిల్ల ఆ పూట అయిదు వేళ్ళతో కలిపింది. బుగ్గలు ఉబ్బేలా కుక్కుకుంటోంది. సరిగ్గా అప్పుడు తలుపు తెరుచుకుంది. చేతికర్ర, బంగారు ముసుగు. పెద్దమామ!

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆ పిల్ల నోట్లో ముద్ద ఉండగానే, అలవాటు చొప్పున, నూనె చెయ్యి ఊపేసి, "కాఇన్ తాయో, మామా!" అంది.

పెద్దమామ ఆ పిల్లను చూసింది. పళ్ళెం చూసింది. కర్ర గోడకు ఆనించి, మోకాళ్ళు పట్టుకుని, మెల్లగా మా మధ్యన కూలబడింది. ఆ పిల్ల నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. పిలవడం నేర్పారు గానీ, పిలిచినవాళ్ళు కూర్చుంటే ఏం చేయాలో వాళ్ళ ఊళ్ళో నేర్పలేదు. పెద్దమామ ముసుగు ఒక చేత్తో కాస్త ఎత్తి, రెండో చేత్తో దాని కిందుగా నెత్తళ్ళు పంపడం మొదలుపెట్టింది. తలలు కూడా వదల్లేదు. పిల్ల పులుసు పోసుకుంది, నా పులుసు పోసుకుంది, కారానికి ముక్కు తుడుచుకుంటూ మళ్ళీ నాదే పోసుకుంది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న పడవ మీంచి తెచ్చిన చేపలను ఇసుకలో ఎండబెట్టేవాళ్ళట. చేతులు తిప్పుతూ చెబుతుంటే, సగం అర్థమై సగం అర్థం కాక మేం కిసకిస నవ్వుతున్నాం. ఆవిడా నవ్వింది. ఆ ఇంట్లో ఆవిడ నవ్వు వినడం నాకు అదే మొదలు.

ఉప్పు సంగతి నాకు గుర్తొచ్చేసరికి మూకుడు ఖాళీ. ఆవిడ గ్లాసు మీద గ్లాసు నీళ్ళు తాగుతోంది. బయట కారు ఆగింది. మామ లోపలికి వస్తూనే ముక్కుకు తల మీది ముసుగు అంచు అడ్డం పెట్టుకుని, నేల మీద కూర్చున్న అత్తగారిని చూసి కెవ్వుమంది. "ఉప్పు చేప! ఇది తింటే చచ్చిపోతారని డాక్టరు చెప్పాడు! ఎవరు పెట్టారు?" ఆ వెనకే ఆఫీసు కారు హారన్ కొట్టింది. ఇక ఒక పెట్టె కాదు, రెండు పెట్టెలు ఎక్కుతాయి అనుకున్నాను. ఆ పిల్ల ఏమీ అర్థం కాకపోయినా హారన్ విని లేచి వెళ్ళి పెట్టె తెచ్చుకుంది.

పెద్దమామ గ్లాసు కింద పెట్టింది. "ఎవరూ పెట్టలేదు, నేనే తిన్నాను. ఈ పిల్ల పిలిచింది, వచ్చాను" అంది. మామ మళ్ళీ ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది. "నాకు పళ్ళెం పంపిస్తారు. మందు పంపిస్తారు. తిన్నదా లేదా అని పనిమనిషిని అడుగుతారు. రా, కలిసి తిందాం అని ఈ ఇంట్లో నన్ను ఎవరు పిలిచారు?"

బాబా తల వంచుకున్నాడు. హారన్ మళ్ళీ మోగింది. ఆయన బయటికి వెళ్ళాడు. కాసేపటికి ఆ కారు వెనక్కి తిరిగి వెళ్ళిపోతున్న చప్పుడు వినిపించింది. మామ వంగి, అత్తగారి ముందున్న ఖాళీ మూకుడు చేతిలోకి తీసుకుంది. ఆవిడ చెడ్డది కాదు, భయస్తురాలు. చివరికి నా వైపు తిరిగి, "ఆ చేపలను రాత్రంతా నీళ్ళలో నానబెడితే ఉప్పు పోతుందా?" అంది.

"పోతాదండి మామా. నీళ్ళు మార్చి మార్చి నానబెడితే మొత్తం పోతాది."

"అయితే వచ్చే శుక్రవారం అలాగే వండండి. అందరికీ" అంది. కాస్త ఆగి, "ఈ పిల్లనే వండమను. నీ కారం వద్దు" అని కూడా అంది.

ఆ పిల్ల పెట్టె పిడి పట్టుకుని, చేపల చేత్తోనే కళ్ళు తుడుచుకుంటూ నన్నే చూస్తోంది. ఆ క్షణంలో నా నోటికి హిందీ రాలేదు, ఇంగ్లీషు రాలేదు. "ఏడవకే పిల్లా, వచ్చే శుక్కురారం కూడా నువ్వే వండాలంట! అందరికీ వండాలంట!" అని తెలుగులోనే అరిచాను. ఒక్క ముక్క అర్థం కాలేదు దానికి. అయినా పెట్టె వదిలేసి వచ్చి నన్ను వాటేసుకుంది.