గుడ్డ లెక్క, ఆకు లెక్క

కరోనా తర్వాత బడులు మళ్లీ తెరుచుకున్న ఏడాది, జూన్ మొదటి వారంలో నన్ను సూరత్‌ గోడాదరాలోని ఒక తెలుగు మీడియం బడికి జీవశాస్త్రం టీచరుగా బదిలీ చేశారు. తొమ్మిదో తరగతి నాకిచ్చారు. పిల్లలు దాదాపు అందరూ మరమగ్గాల మీద పనిచేసే తెలంగాణ నేత కుటుంబాల వాళ్లే. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని వారం తిరక్కముందే వాళ్లకు తెలిసిపోయింది.

ఆ ఏడు మా బడికి ఆరు ట్యాబ్‌లు, వాటి కెమెరాకు తగిలించే సూక్ష్మదర్శిని కటకాలు వచ్చాయి. వాటి వెనకే, జీవశాస్త్రం పీరియడ్‌లోనే గణితమూ చెప్పాలని ఆదేశం వచ్చింది. నేను పత్రరంధ్రాలను ఎంచుకున్నాను. నందివర్ధనం ఆకు అడుగున గోళ్ల రంగు పూసి, ఆరాక పొరలా ఒలిచి గాజు పలక మీద పెడితే, ఆకు గాలి పీల్చే సన్నటి రంధ్రాల అచ్చు ట్యాబ్‌ తెర మీద కనిపిస్తుంది. పావు మిల్లీమీటరు భుజం ఉన్న చతురస్రం గీసి, అందులోని రంధ్రాలను లెక్కపెట్టాలి. అలా పది చోట్ల లెక్కపెట్టి అంకెలు స్ప్రెడ్‌షీట్‌లో వేస్తే సగటు అదే చెబుతుంది. సగటును పదహారుతో గుణిస్తే చదరపు మిల్లీమీటరుకు ఎన్ని రంధ్రాలో తేలుతుంది.

జిల్లా సైన్సు ప్రదర్శనకు ఈ పని మీదే ఇద్దరి పేర్లు పంపాలి. మొదటి పేరు మౌనికదని నేను ముందే అనుకుని, ఆన్‌లైన్‌ జాబితాలో ఎక్కించేశాను. లెక్కల్లో ఆ పిల్లది చురుకైన బుర్ర. గురువారం అందరూ పీరియడంతా కళ్లు చికిలించి లెక్కపెడుతుంటే, తను పది నిమిషాల్లో ముగించేసింది. మిగతా వాళ్ల అంకెలు ఇరవైకి అటూ ఇటూ ఉన్నాయి. మౌనికవి అంతకు రెట్టింపు. నలభై రెండు అయితే నాలుగు సార్లు వచ్చింది.

నాకు ఒళ్లు మండింది. అంకెలు పుట్టించావా అని అందరి ముందూ కడిగేశాను. లెక్కపెట్టానని రెండుసార్లు చెప్పి తల దించుకుంది. ఎలా లెక్కపెట్టావని నేను అడగలేదు. ఆ జాబితాలోంచి ఆమె పేరు తీసేసి, రిమార్కుల గడిలో ‘దత్తాంశం కల్పితం’ అని రాశాను. హెడ్మాస్టరు గారు జాబితాను లాక్‌ చేశారు. ఆ రిమార్కు పిల్ల రికార్డులో ఉండిపోతుందని నాకు తెలుసు. తెలిసే రాశాను.

పేర్లు పంపడానికి మరునాడు శుక్రవారం సాయంత్రం నాలుగింటికి గడువు. మధ్యాహ్నం హెడ్మాస్టరు గారు పిలిచి, పిల్ల తండ్రి వచ్చి అడిగితే చూపించడానికి రుజువు కాగితం కావాలన్నారు. రుజువు కోసమే స్ప్రెడ్‌షీట్‌ తెరిచి మౌనిక అంకెలను చిన్నవాటి నుంచి పెద్దవాటికి వరసపెట్టాను. ముప్ఫై, ముప్ఫై అయిదు, ముప్ఫై ఆరు, నలభై రెండు, నలభై ఎనిమిది, నలభై తొమ్మిది, యాభై ఆరు. అన్నీ ఎక్కాల్లో వచ్చేవే. మిగతా పిల్లల వరసల్లో పదిహేడు, పందొమ్మిది, ఇరవై మూడు లాంటి ఎక్కాల్లో రానివీ ఉన్నాయి. ఈ పిల్ల వరసలో అలాంటిది ఒక్కటీ లేదు. ఊరికే పుట్టించిన అంకెలు ఇలా రావు. ఏదో గుణించింది.

మూడింటికి మౌనికను పిలిపించి, ట్యాబ్‌ చేతికిచ్చి మళ్లీ చేసి చూపించమన్నాను. చతురస్రం పై అంచు వెంట ఆరు, ఎడమ అంచు వెంట ఏడు లెక్కపెట్టింది. ఆరేళ్లు నలభై రెండు అని రాసింది.

“బాపు గిట్లనే చూస్తడు మేడమ్,” అంది.

వాళ్ల నాన్న మగ్గం మీది గుడ్డను పిక్‌ గ్లాస్‌తో చూస్తాడు. అంగుళం కిటికీ ఉన్న మడత భూతద్దం అది. ఒక అంచున నిలువు పడుగు పోగులు, ఇంకో అంచున అడ్డు పేక పోగులు లెక్కపెడతాడు. నడుమ ఏముందో ఎవరూ లెక్కపెట్టరు. నేత అంతటా ఒకేలా ఉంటుంది కాబట్టి లెక్కపెట్టే పని ఉండదు.

నేను తెర మధ్యలో రంధ్రాలు లేని చోట వేలు పెట్టాను. మౌనిక చాలాసేపు చూసింది.

“గుడ్డల ఖాళీ ఉంటే డ్యామేజీ అంటరు. ఆకుల ఖాళీ ఉంటే డ్యామేజీ కాదా మేడమ్?”

కాదు, ఆకులో రంధ్రాలు పోగుల్లా వరసగా ఉండవన్నాను. నాకు సిగ్గేసింది. ఇరవై ఆరేళ్ల సర్వీసు ఉండి కూడా, అంచులు చూసి నడుమను తేల్చేసింది నేనూ.

హెడ్మాస్టరు గారి దగ్గరికి పరుగున వెళ్లాను. ఆయన కళ్లజోడు తీసి, “గిట్ల లాక్‌ చేసినంక మార్చాలంటే, తప్పు మీదని మీరే రాసియ్యాలె మేడమ్‌. అది మీ ఫైల్ల ఉంటది,” అన్నారు. రాసి సంతకం పెట్టాను. దాని ఫొటో పై ఆఫీసుకు పంపితే లాక్‌ తీసేసరికి మూడూ ఇరవై దాటింది. పేరు మళ్లీ చేర్చాలంటే పది అంకెలూ కొత్తగా ఎక్కించాలి. ముందు రిమార్కు తీసేసి, మౌనికను లెక్కకు కూర్చోబెట్టాను.

ఈసారి ఆ పిల్ల తొందరపడలేదు. నాకేమో కాలు నిలవడం లేదు. నాలుగో చతురస్రం దగ్గర అనుమానమొచ్చి మొదటి నుంచి లెక్కపెట్టింది. త్వరగా కానివ్వమని నోటి దాకా వచ్చింది, మింగేశాను. నిన్న త్వరగా చేసినందుకే కదా తిట్టాను. మూడూ యాభైకి ఆరు అయ్యాయి. ఎనిమిదోది ముగిసేసరికి నాలుగయింది, జాబితా పేజీ మూసుకుపోయింది.

గడువు అయిపోయిందని చెప్పాను. మౌనిక తెర మీంచి కళ్లు తీయకుండా, “రెండే ఉన్నయి మేడమ్‌, చేసి పోత,” అంది. చేసింది. సగటు ఇరవై వచ్చింది.

శనివారం అదే తరగతిలో, అందరి ముందూ, తప్పు నాదేనని చెప్పాను. ప్రదర్శనకు మా బడి నుంచి ఒక్క పేరే వెళ్లింది. ఆ ఏటి నుంచి పదవీ విరమణ దాకా నా స్ప్రెడ్‌షీట్‌లన్నిటిలో అంకెకు ముందు ఒక గడి పెట్టాను: ఎలా లెక్కపెట్టావు? అందులో మొదట రాసింది మౌనికే. ‘ఒక్కొక్కటి’ అని రాసింది.

అంకె తప్పయినంత మాత్రాన లెక్కపెట్టినవాళ్లు అబద్ధమాడినట్టు కాదు. అడిగితే రెండు నిమిషాల్లో తేలేది. నేను అడగలేదు.