ఒక దోనె, రెండు విరిగిన కాళ్ళు

ఇప్పుడు కాలు విరిగితే లోపలి ఎముకను ఫొటో తీసి చూపిస్తున్నారు. మా రోజుల్లో, అంటే ఇంకా దొరల ఏలుబడి ఉన్నప్పుడు, కొల్లేటి లంకలో కాలు విరిగితే బతుకు విరిగినట్టే. ఏలూరు తీసుకెళితే కాలు కోసేసి పంపుతారని ఊరంతా గట్టిగా నమ్మేవాళ్ళం. (ఒక్కడూ వెళ్ళి చూసి రాలేదు, నమ్మకానికి అదే ఆధారం.) నాకు అక్షరం ముక్క రాదు. తాటిదోనె మీద నిలబడి గెడ వేయడం తప్ప వేరే విద్య లేదు. తాటిమాను తొలిచి చేసిన ఆ దోనె మీద ఒక కాలు తడబడితే చాలు, మనిషి నీళ్ళలో ఉంటాడు. రెండు కాళ్ళూ సమంగా నిలిచినవాడికే కొల్లేట్లో కూడు.

పక్కింట్లో ఉండే మా అక్క మొగుడు, అంటే మా బావా, నేనూ కలిసి భాగానికి ఒక కొత్త దోనె చేయించుకున్నాం. దాన్ని గట్టు మీంచి నీళ్ళలోకి దింపుతుంటే జారి ఇద్దరి మీదా పడింది. ఆయన కుడికాలు, నా ఎడమకాలు మోకాలి కింద పుటుక్కుమన్నాయి. భాగస్థులం కదా, అందులోనూ సమానమే. పెదపాడు నుంచి కట్ల తాతను పిలిపిస్తే ఎముకలు సరిచేసి, గుడ్డుసొన పూసి, వెదురుబద్దలు పెట్టి కట్టాడు. కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చి, ఇక పాదం మోపి కొంచెం కొంచెంగా బరువు పెట్టమన్నాడు. మా మామ్మ విరుచుకుపడింది.

"పచ్చిగోడ మీద ఎవరన్నా ఎక్కుతారాండీ?"

"తొక్కని మట్టి గోడవుద్దాండీ, అక్కగారూ?" అన్నాడు తాత.

"ఎముక పుట్టేది తిండితోనండీ. నల్లేరు తినాలి, పీతలు తినాలి, కదలకుండా పడుకోవాలి."

"కాలు విరిగితే నోటికి మందేంటండీ? గంజి చాలు. బరువు పడితే ఎముక అదే దారికొస్తది."

బావ వీధి వినేలా నవ్వి, "నల్లేరు మేకలు తింటాయి" అని తాత పక్షం చేరిపోయాడు. నేను మామ్మ మనవణ్ణి, నన్నెవరూ అడగలేదు. ఇద్దరిలో ఎవడు ముందు దోనె మీద నిలబడితే వాడి వైద్యమే వైద్యమని ఊరు తీర్పు చెప్పేసింది.

ఇక నా బతుకు మంచం మీద. పొద్దున్నే నల్లేరు పచ్చడి (చింతపండు తగ్గిందంటే నాలుక దురదతో ఊడిపోతుంది), మధ్యాహ్నం పీతల పులుసు, సాయంత్రం ముళ్ళతో సహా నమలమని చిన్నచేపలు. ఒళ్ళు బలిసింది గానీ కాలు తుంగకాడలా సన్నబడిపోయింది. గట్టు మీద బోర్లించిన దోనె ఎండకు నెర్రెలిస్తోందని వినడం, గోడవైపు తిరిగి ఏడవడం, ఇదే పని. కుంటివాడికి గెడ ఎవడిస్తాడు? ముష్టికి తాడేపల్లిగూడెం సంత మంచిదా, ఏలూరు స్టేషను మంచిదా అని కూడా ఆలోచించాను. గూడెమే నయమనిపించింది. అక్కడ నన్నెరిగినవాళ్ళు లేరు.

ఒక మధ్యాహ్నం మామ్మ కునుకు తీస్తుంటే బావ కర్ర మీద ఈడ్చుకుంటూ వచ్చాడు. గంజి తాగి తాగి మనిషి కర్రకంటే సన్నగా ఉన్నాడు.

"ఏరా బావమరిదీ, ఏం మేస్తున్నావు?"

"మేకల తిండి. నీకెందుకులే."

"నడుస్తుంటే కాల్లో సత్తువ లేదురా. వంగిపోద్దేమోనని భయంగా ఉంది," అన్నాడు. ఆ మాటకు ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత మెల్లగా, "ఆ పచ్చడి ఇలా పెట్టు," అన్నాడు.

పచ్చడి ఆయన చేతిలో పెట్టాను. కర్ర నా చేతికిచ్చాడు. ఆయన గబగబా మింగుతుంటే నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. కర్ర మీద వాలి విరిగిన కాలు నేలకు మోపాను. ఆపైన మామ్మ కునుకు తీసినప్పుడల్లా ఇదే బేరం. ఎవరైనా చూస్తే? "మామ్మా, తాతా కలిసి మన మిగిలిన కాళ్ళు కూడా విరగ్గొడతారు," అనేవాడు బావ నోటినిండా పచ్చడితో.

తీర్పు రోజున ఊరంతా గట్టు మీదికొచ్చింది. ఒక కొస బావ, ఒక కొస నేను, దోనె మీద ఒకేసారి లేచాం. ఊగింది. నిలిచింది.

"చూశారా, నల్లేరు!" అంది మామ్మ.

"చూశారా, బరువు!" అన్నాడు తాత.

ఆ తర్వాత చచ్చేదాకా ఆ ఇద్దరూ మాట్లాడుకోలేదు. మా బేరం సంగతి మేమూ బయటపెట్టలేదు.

అరవై దాటాక మనవరాలి దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను. మొన్న దాని పుస్తకంలో వేలు పెట్టి కూడబలుక్కుని చదివాను: ఎముకలోని కణాలు ఎదగడానికి లోపలినుంచి పోషకాలూ కావాలి, పైనుంచి బరువూ కావాలట. చదివి పకపకా నవ్వాను. ఎందుకు తాతయ్యా అంది. ఏం చెప్పను? చెబితే విని మళ్ళీ పోట్లాడుకోవడానికి మామ్మా లేదు, కట్ల తాతా లేడు.

ఇప్పుడు మోకాలు పట్టేస్తే కొడుకు నడవమంటాడు, కోడలు కదలొద్దంటుంది. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక కర్రా నా దగ్గరే, పచ్చడీ నా దగ్గరే. గుమ్మంవైపు చూస్తూ కూర్చుంటాను, వెర్రివాణ్ణి. మార్చుకోవడానికి బావ రాడు.